హర్‌మందిర్ సాహిబ్ యాత్ర: ముందు వేళ తేల్చుకోండి, గది సంగతి ఆ తరువాత

అమృత్‌సర్ వెళ్ళొచ్చిన మనవాళ్ళను "స్వర్ణ మందిరంలో ఎంతసేపు ఉన్నారు?" అని అడిగి చూడండి. చాలామంది రెండు గంటలని చెబుతారు. మధ్యాహ్నం ఢిల్లీ రైలు దిగడం, దర్శనం వరుసలో నిలబడడం, లంగర్ అనే ఉచిత భోజనశాలలో భోంచేయడం, పక్కనే జలియన్‌వాలా బాగ్‌లో గోడల మీద తూటా గుర్తులు చూడడం, సాయంత్రానికి అట్టారీ సరిహద్దుకు పరుగెత్తడం. నా మొదటి యాత్ర కూడా అలాగే గడిచింది. ఇంటికి వచ్చాక ఫోటోలు మిగిలాయి గానీ ఆ చోటు మనసుకు పట్టలేదు. రెండోసారి మా అమ్మను తీసుకుని వెళ్ళి రెండు రాత్రులు ఉన్నాక గాని అక్కడి సంగతి అర్థం కాలేదు. స్వర్ణ మందిరాన్ని సిక్కులు హర్‌మందిర్ సాహిబ్ అంటారు. అది రోజులో ఒక్కో వేళ ఒక్కో రకంగా ఉంటుంది. అందుకే ఎక్కడ దిగాలి, ఏం చూడాలి, ఎన్ని రోజులు ఉండాలి అనే ప్రశ్నలన్నిటికంటే ముందు ఏ వేళ అక్కడ ఉండాలో తేల్చుకోవాలి. అది తేలితే మిగతావి వాటంతట అవే తేలిపోతాయి.

తెల్లవారుజామా, మధ్యాహ్నమా, రాత్రా?

సిక్కులకు గురు గ్రంథ్ సాహిబ్ సాక్షాత్తు గురువు. ఆ గ్రంథం రాత్రి హర్‌మందిర్‌లో ఉండదు. ఎదురుగా ఉన్న అకాల్ తఖ్త్ అనే కట్టడానికి పాల్కీలో, అంటే పల్లకీలో వెళ్ళి అక్కడ విశ్రమిస్తుంది, తెల్లవారకముందే అదే పాల్కీలో తిరిగి వస్తుంది. మనకు ఏకాంత సేవ, సుప్రభాతం ఎలాగో వారికి ఈ రెండూ అలాగన్నమాట. రాత్రి జరిగేది సుఖాసన్, పదింటి ప్రాంతంలో ఉంటుంది. తెల్లవారుజామున పాల్కీ వచ్చే వేళ ఎండాకాలంలో సుమారు నాలుగు గంటలు, చలికాలంలో సుమారు ఐదు గంటలు. మాసాన్ని బట్టి ఈ వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు సాయంత్రమే సేవాదారులను, అంటే అక్కడ సేవ చేసేవారిని అడిగి తెలుసుకోండి.

రెండింటిలో ఒక్కదానికే వీలుంటే తెల్లవారుజామునే ఎంచుకోండి. పాల్కీ రావడానికి గంట ముందే వెళ్ళి, సరోవరం చుట్టూ ఉన్న పాలరాతి నడక దారి అయిన పరిక్రమలో కూర్చోవాలి. చీకట్లో సరోవరం నల్లగా ఉంటుంది, దాని నడుమ బంగారు కట్టడం ఒక్కటే వెలుగుతుంటుంది. లోపల రాగీలు, అంటే కీర్తనలు పాడేవారు, ఆసా దీ వార్ అనే తెల్లవారుజాము కీర్తన పాడుతుంటే ఆ పాట నీళ్ళ మీదుగా నాలుగు దిక్కులకూ వినిపిస్తుంది. పాడుతున్న పంక్తులు పరిక్రమలోని తెరల మీద కనిపిస్తుంటాయి. పాల్కీ బయలుదేరిందని బాకా ఊదగానే మనుషులు లేచి నిలబడతారు. పాల్కీకి భుజం ఇవ్వడానికి ఒకరి వెనుక ఒకరు ముందుకు వస్తారు, నాలుగు అడుగులు మోసి పక్కవారికి వదులుతారు. గ్రంథాన్ని ప్రకాశ్ చేసి, అంటే తెరిచి, ఆ పుట నుంచి ఆ రోజు గురువు ఆదేశంగా హుకంనామా చదువుతారు. మాకు పంజాబీ రాదు. అయినా మా అమ్మ ఆ చదువు అయ్యేవరకు చేతులు జోడించే ఉంది.

రాత్రి వేళకు ఉన్న సౌకర్యం వేరు. పసిపిల్లలతో వచ్చినవారికి, తెల్లవారుజామున లేవలేని పెద్దవారికి సుఖాసన్ నయం. పగటి రద్దీ తగ్గి ఉంటుంది, దీపాల నీడ నీళ్ళలో నిలకడగా కనిపిస్తుంది. సుఖాసన్ తరువాత ప్రధాన మందిరంలోకి దర్శనం ఉండదు గానీ పరిక్రమ రాత్రంతా తెరిచే ఉంటుంది. మందిరం లోపల నేల కడిగి శుభ్రం చేసే సేవ అప్పుడే జరుగుతుంది.

మధ్యాహ్నం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వీలైతే మానుకోండి. మే, జూన్‌లలో పాలరాయి నిప్పులా కాలుతుంది. చాపలు పరిచి నీళ్ళు చల్లుతారు గానీ, ఉత్తకాళ్ళతో తలమీద ఎండలో గంటకు పైగా వరుసలో నిలబడడం పెద్దవారికి కష్టం. శని, ఆదివారాల్లో, నెలనెలా వచ్చే సంక్రాంతి, అమావాస్య రోజుల్లో, గురువుల పండుగలైన గురుపురబ్‌లలో వరుస మందిరానికి వెళ్ళే వంతెన దాటి పరిక్రమ మీదకు వచ్చేస్తుంది. ప్రత్యేక దర్శనం టికెట్లు ఇక్కడ లేవు, అదే వంతెన మీద అందరితో పాటు నిలబడాలి. తిరుమల వరుసలు తెలిసినవారికి ఇది మొదట వింతగా ఉంటుంది, తరువాత ఎంతో హాయిగా అనిపిస్తుంది.

ఉచిత సరాయి, అద్దె నివాస్, బయటి హోటల్

తెల్లవారుజాము కావాలనుకుంటే నడిచి వెళ్ళేంత దూరంలోనే నిద్రపోవాలి. మొదటిసారి అట్టారీ చూసి వచ్చాక ఆ రాత్రికి నేను ఊరికి అవతల కొత్త కాలనీలో హోటల్ తీసుకున్నాను. గది బాగుంది, మంచం బాగుంది. తెల్లవారుజామున మూడున్నరకు బయట రోడ్డు మీద ఒక్క ఆటో కూడా లేదు. నేను చేరేసరికి పాల్కీ లోపలికి వెళ్ళిపోయింది. ఆ తప్పు మీరు చేయకండి.

యాత్రికులకు నీడ ఇవ్వడం ఇక్కడ కొత్తగా వచ్చిన ఏర్పాటు కాదు. 18వ శతాబ్దంలో మిసళ్ళు అనే సిక్కు సైనిక దళాల సర్దార్లు, తరువాత ధనికులు సరోవరం చుట్టూ బుంగాలు కట్టించారు. యాత్రికులు దిగడానికి, విద్యార్థులు చదువుకోవడానికి, అవసరమైతే మందిరాన్ని కాపాడే సైనికులు ఉండడానికి అవి పనికొచ్చేవి. 20వ శతాబ్దంలో పరిక్రమను వెడల్పు చేసినప్పుడు వాటిలో చాలావాటిని తొలగించారు. ఆ పనిని ఇప్పుడు సరాయిలు చేస్తున్నాయి. వీటిని 1920లో ఏర్పడిన శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ నడుపుతోంది.

వీటిలో గురు రామ్ దాస్ నివాస్ పాతది. లంగర్ ఉన్న తూర్పు వైపున, గుమ్మం దాటి నాలుగు అడుగులు వేస్తే ఉంటుంది. గదికి డబ్బు తీసుకోరు, ఇష్టమైతే హుండీలో వేయవచ్చు. సాధారణంగా మూడు రోజులకు మించి ఉండనివ్వరు. విదేశీ యాత్రికులకు విడిగా పడకల హాలు ఉంది. అక్కడ సౌకర్యం కోసం వెతకకండి. స్నానాల గదులు ఉమ్మడివి, రాత్రంతా వచ్చేపోయే వారి చప్పుడు ఉంటుంది, రద్దీ రోజుల్లో వరండాలో చాప మీద పడుకునేవారే వందల మంది. మీకు అలవాటు ఉంటే, ముఖ్యంగా వయసులో ఉన్నవారైతే, ఇంతకు మించిన చోటు లేదని నా అభిప్రాయం. పక్క చాప మీద పడుకున్నవారు ఏ ఊరి నుంచి వచ్చారో అడుగుతారు, మీకు టీ తెచ్చి ఇస్తారు. ఒంటరిగా వెళ్ళినవారికి మాత్రం గది దొరకడం కష్టం, కుటుంబాలకే ముందు ఇస్తారు. సామాను గఠ్రీ ఘర్‌లో పెట్టుకుని హాలులోనో వరండాలోనో పడుకోవడానికి సిద్ధపడి వెళ్ళాలి.

కొద్దిపాటి అద్దెకు గదులిచ్చే నివాస్‌లు కూడా ఉన్నాయి. గురు అర్జన్ దేవ్ నివాస్, గురు హర్‌గోబింద్ నివాస్, మాతా గంగా జీ నివాస్, సారాగఢీ నివాస్ లాంటివి. స్నానాల గది కలిసి ఉన్నవి, ఏసీ ఉన్నవి దొరుకుతాయి. ధర హోటల్‌తో పోలిస్తే చాలా తక్కువ. అమ్మానాన్నలతో వెళ్ళేవారికి నా ఓటు వీటికే. సారాగఢీ నివాస్ వీటన్నిటిలో కొత్తది, దాదాపు హోటల్ మాదిరిగానే ఉంటుంది. 1897లో సారాగఢీ కోటను కాపాడుతూ చివరిదాకా పోరాడి చనిపోయిన 21 మంది సిక్కు సైనికుల పేరు దానికి పెట్టారు, వారి స్మారక గురుద్వారా కూడా దగ్గరలోనే ఉంది. అయితే ఆ నివాస్ గడియారం ఉన్న ఘంటా ఘర్ గుమ్మం వైపు ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మకు ఆ కొద్ది నడక కూడా రోజుకు నాలుగు సార్లంటే భారమే అయ్యేది. అందుకే మేము సరాయిల వైపు గదినే తీసుకున్నాం. లంగర్, మందిరం, గది మూడూ ఒకే వైపు ఉండడం పెద్దవారికి ఎంత మేలో అనుభవిస్తే గాని తెలియదు.

గది ముందుగా కావాలంటే కమిటీ సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. ఫోన్ చేసి డబ్బు పంపమనేవారిని, పేరు కాస్త మార్చి పెట్టిన నకిలీ సైట్లను నమ్మకండి. అన్ని గదులూ ముందుగా ఇచ్చేయరు. నేరుగా వెళ్ళి అడిగేవారు ఉదయం పూట, పాత యాత్రికులు ఖాళీ చేసే వేళకు వెళితే దొరికే అవకాశం ఎక్కువ. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు తప్పనిసరి.

మరి హోటల్ ఎవరికి? నెలల పిల్లలున్నవారికి, ఆరోగ్యం బాగాలేనివారికి, చప్పుడైతే నిద్రపట్టనివారికి. అప్పుడు కూడా టౌన్ హాల్ నుంచి మందిరం వరకు ఉన్న హెరిటేజ్ వీధి పరిసరాల్లోనే తీసుకోండి. మందిరం కనిపించే గది అని ఎక్కువ డబ్బు అడుగుతారు, దాని కోసం ఖర్చు పెట్టనవసరం లేదు. రెండు నిమిషాలు నడిస్తే మందిరమే ఎదురుగా ఉంటుంది.

ఒక్క మాట. సరాయిలో దిగినా, అద్దె నివాస్‌లో దిగినా అది గురువు ఇల్లు. పొగాకు, మద్యం లోపలికి తీసుకుపోకూడదు. బీడీ, సిగరెట్, గుట్కా జేబులో ఉన్నా వారికి అది పెద్ద అపచారం.

ఏ కట్టడాలకు సమయం ఇవ్వాలి?

ముందు ప్రధాన మందిరం. నాలుగో గురువు రామ్ దాస్ తవ్వించిన సరోవరం నడుమ ఐదో గురువు అర్జన్ దేవ్ దీన్ని కట్టించారు. 1604లో గురు గ్రంథ్ సాహిబ్ తొలి రూపమైన ఆది గ్రంథాన్ని ఇక్కడ ప్రతిష్ఠించారు, బాబా బుద్ధా గ్రంథం చదివే మొదటి గ్రంథి అయ్యారు. మన గుళ్ళకు మెట్లెక్కి వెళ్ళడం అలవాటు, ఇక్కడ మెట్లు దిగి వెళ్ళాలి. నాలుగు వైపులా నాలుగు గుమ్మాలు. ఏ దిక్కు నుంచి, ఏ కులం నుంచి వచ్చినా రావచ్చనేది ఆ నిర్మాణంలోనే ఉంది. బంగారు రేకు తరువాతిది, మహారాజా రంజిత్ సింగ్ కాలం నాటిది. దర్శనం చేసుకుని వెనక్కి తిరిగిపోకండి. సన్నని మెట్లున్నాయి, పై అంతస్తులకు ఎక్కండి. గోడల మీద పూలు, తీగలు, రాళ్ళు పొదిగిన పని చూడాలంటే అక్కడే. మందిరం వెనుక హర్ కీ పౌడీ దగ్గర మెట్లు దిగి దోసెడు నీళ్ళు తీసుకుంటారు.

తరువాత అకాల్ తఖ్త్. 1606లో ఆరో గురువు హర్‌గోబింద్ దీన్ని స్థాపించారు. ఎదురుగా ఉన్న హర్‌మందిర్ భక్తికి, ఇది లోక వ్యవహారానికి. పక్కనే జంటగా నిలిచిన రెండు నిశాన్ సాహిబ్ ధ్వజస్తంభాలు ఆ రెండింటినే చెబుతాయి, లోక వ్యవహారాన్ని మీరీ అని, భక్తిని పీరీ అని అంటారు. ఇప్పుడు మీరు చూసేది పాత కట్టడం కాదు. 1984 జూన్‌లో జరిగిన సైనిక చర్యలో అది ధ్వంసమైంది. ప్రభుత్వం తిరిగి కట్టించినదాన్ని సిక్కులు అంగీకరించక 1986లో పడగొట్టి, కార్ సేవతో, అంటే భక్తుల శ్రమదానంతో మళ్ళీ కట్టుకున్నారు. ఆ గాయం అక్కడివారికి ఇంకా పచ్చిగానే ఉంది. అడిగి తెలుసుకోవచ్చు గానీ వాదన పెట్టుకోవద్దు.

ఈ రెండూ ఎలాగూ అందరూ చూస్తారు. మిగిలిన గంటకు మ్యూజియమా, రామ్‌గఢియా బుంగానా, బాబా అటల్ గోపురమా అన్నది అసలు ఎంపిక. ఘంటా ఘర్ గుమ్మం మీద ఉన్న కేంద్రీయ సిక్కు సంగ్రహాలయం చరిత్ర తెలియనివారికి ఉపయోగం. గురువుల చిత్రాలు, అమరవీరుల చిత్రాలు, ఆయుధాలు ఉంటాయి. హింసల చిత్రాలు ఎక్కువ, చిన్నపిల్లలు భయపడతారు. పిల్లలుంటే మానేయమని చెబుతాను.

రామ్‌గఢియా బుంగా పరిక్రమ తూర్పు అంచున రెండు ఇటుక మినార్లతో కనిపిస్తుంది. వేలమంది దాని పక్క నుంచే నడిచిపోతారు, ఎవరూ తలెత్తి చూడరు. పాత బుంగాలలో మిగిలిన కొద్దివాటిలో ఇదొకటి. మిసల్ సర్దారు జస్సా సింగ్ రామ్‌గఢియా కట్టించినది. 1783లో సిక్కు సైన్యం ఢిల్లీ ఎర్రకోటలో ప్రవేశించినప్పుడు అక్కడి నుంచి తెచ్చిన సింహాసనపు రాతి పలక ఇక్కడ ఉంది. ఒకప్పుడు యాత్రికుల సత్రం, సైనికుల కాపలా స్థానం రెండూ ఒకే కప్పు కింద ఎలా ఉండేవో చూడాలంటే ఇక్కడికి రావాలి.

నాకు మాత్రం అన్నిటికంటే బాబా అటల్ ఇష్టం. ఆవరణకు ఆగ్నేయంగా, కౌల్‌సర్ సరోవరం పక్కన తొమ్మిది అంతస్తుల గోపురం. గురు హర్‌గోబింద్ కుమారుడు అటల్ రాయ్ తొమ్మిదేళ్ళకే చనిపోయాడు, ఒక్కో ఏడాదికి ఒక్కో అంతస్తు అంటారు. లోపల గోడల మీద గురు నానక్ జీవిత ఘట్టాలు పాత రంగుల్లో ఉన్నాయి. జనం తక్కువ, లోపల నిశ్శబ్దంగా ఉంటుంది. మోకాళ్ళు బాగున్నవారు పై మెట్ల వరకు వెళ్ళవచ్చు, మా అమ్మ కింది అంతస్తులో కూర్చునే బొమ్మలన్నీ చూసింది.

పరిక్రమలో నడుస్తున్నప్పుడు దుఃఖ్ భంజనీ బేరీ అనే రేగుచెట్టు దగ్గర ఆగండి. ఆ నీళ్ళలో మునిగితే బాధలు పోతాయని నమ్మకం, కుటుంబాలు ఎక్కువగా స్నానం చేసేది అక్కడే. ఆడవారికి నాలుగు గోడల మరుగు ఉంది. మగవారు బట్టలు విప్పి లోదుస్తులతో దిగవచ్చు గానీ తలపాగానో రుమాలో తల మీద ఉండాలి. సబ్బు వాడకూడదు, ఈత కొట్టకూడదు. గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలోకి వేలాడదీయడం కూడా తప్పే.

లంగర్‌లో తినడమా, పని చేయడమా?

రెండూ చేయండి. గురు రామ్ దాస్ లంగర్‌లో రోజుకు యాభై వేలకు తగ్గకుండా తింటారు, పండుగ రోజుల్లో లక్ష దాటుతుంది. రాత్రీ పగలూ నడుస్తుంది. గుమ్మం దగ్గర పళ్ళెం, గిన్నె, చెంచా ఇస్తారు. నేల మీద పంగత్‌లో వరుసగా కూర్చుంటాం, రొట్టె వడ్డించేవారు వచ్చినప్పుడు రెండు చేతులూ చాపి తీసుకోవాలి. పప్పు, కూర, రొట్టె, ఖీర్. అన్నం మీద ఆశ పెట్టుకోకండి, కొన్నిసార్లే వస్తుంది. కారం మన నాలుకకు చాలదు. అయినా అంత వేడి రొట్టె, అంత ఆదరంగా పెట్టేది మరోచోట దొరకదు. ఎన్నిసార్లు అడిగినా పెడతారు, వదిలేస్తే మాత్రం బాధపడతారు. కాబట్టి కొద్దికొద్దిగా వడ్డించుకోండి.

తిన్నాక బయటికి వచ్చే దారిలో పళ్ళేలు కడిగే తొట్లు ఉంటాయి. ఎవరినీ అనుమతి అడగనవసరం లేదు, ఖాళీ ఉన్నచోట నిలబడి చేయి కలపడమే. కింద వెల్లుల్లి వలిచేవారు, ఉల్లిపాయలు తరిగేవారు, బఠానీలు ఒలిచేవారు నేల మీద కూర్చుని ఉంటారు. నిలబడలేనివారికి ఆ పని బాగుంటుంది. మా అమ్మ పంజాబీ ఆడవాళ్ళ మధ్య కూర్చుని రెండు గంటలు వెల్లుల్లి వలిచింది. వారి మాట ఈమెకు రాదు, ఈమె మాట వారికి రాదు. లేచేటప్పుడు ఒక పెద్దావిడ ఈమె తల నిమిరింది. మా అమ్మ ఆ ఊరి గురించి ఇప్పటికీ మొదట చెప్పేది అదే. దర్శనానికి ఒక గంట తగ్గించుకోవలసి వచ్చినా సరే, సేవకు ఒక గంట మిగుల్చుకోండి.

వెళ్ళేముందు

ఆడ, మగ అందరూ తల కప్పుకోవాలి. టోపీ కుదరదు, గుమ్మం దగ్గర రుమాళ్ళు ఉచితంగా దొరుకుతాయి. సొంతంగా ఒక చున్నీనో తువాలో తెచ్చుకుంటే మంచిది. చెప్పులు జోడా ఘర్‌లో ఇచ్చి, పారే నీటిలో కాళ్ళు కడుక్కుని మెట్లు దిగాలి. మొక్కుబడి అని గుండు చేయించుకునే ఆలోచన ఇక్కడ పెట్టుకోకండి. జుట్టు సిక్కులకు పవిత్రం. మందిరం లోపల ఫోటోలు తీయకూడదు. పరిక్రమలో కూడా వీడియోలు తీస్తే సేవాదారులు వారిస్తారు. వారు చెప్పగానే ఆపేయడం మర్యాద.

అక్టోబరు నుంచి మార్చి వరకు మంచి కాలం. అందులో డిసెంబరు చివర, జనవరి మాత్రం పొగమంచు దట్టంగా పడుతుంది, రైళ్ళు, విమానాలు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఉత్తకాళ్ళకు చలి ఎముకల దాకా పాకుతుంది. దీపావళి, వైశాఖి రోజుల్లో వెళితే సంబరం చూస్తారు, గది మాత్రం దొరకదు. రైల్వే స్టేషన్ నుంచి మందిరానికి ఉచిత బస్సులు ఉన్నాయి.

అమృత్‌సర్ ఇప్పుడు కుదరదు, దూరం ఎక్కువ అనేవారికి నాందేడ్ ఉంది. హైదరాబాద్ నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణం, నిజాం కాలంలో మన రాజ్యంలోనే ఉన్న ఊరు. పదో గురువు గోవింద్ సింగ్ 1708లో అక్కడే కన్నుమూశారు. గ్రంథాన్నే ఇకపై గురువుగా భావించమని చెప్పినది కూడా అక్కడే. హజూర్ సాహిబ్ మందిరాన్ని రంజిత్ సింగ్ కాలంలో, 1830లలో కట్టారు. సరోవరం మధ్య బంగారు కట్టడాన్ని ఊహించుకుని వెళితే నిరాశపడతారు. కానీ దక్కనీ సిక్కుల ఆచారాలు, సాయంత్రపు ఆరతి, గురువు ఆయుధాల దర్శనం అమృత్‌సర్‌లో కనబడవు. శని, ఆదివారాలు మాత్రమే చేతిలో ఉన్నవారు నిస్సంకోచంగా నాందేడ్‌ను ఎంచుకోండి. నాలుగైదు రోజులు దొరికితే అమృత్‌సర్.

రెండూ కావాలంటే ముందు నాందేడ్‌లో ఒక రాత్రి ఉండి, అక్కడి నుంచి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో నేరుగా అమృత్‌సర్ వెళ్ళవచ్చు. ఒకటిన్నర రోజుల ప్రయాణం. విశాఖపట్నం నుంచి హిరాకుడ్ ఎక్స్‌ప్రెస్ కూడా అమృత్‌సర్ వరకు వెళుతుంది గానీ, వీలున్నవారికి నేను సచ్‌ఖండ్‌నే సూచిస్తాను. దారిలో కొన్ని స్టేషన్లలో సేవాదారులు బకెట్లతో లంగర్ తెచ్చి పెట్టెల దగ్గరే వడ్డిస్తారు. పళ్ళేలు వారు తేరు. సంచిలో పైనే, చేతికి అందేలా ఒక స్టీలు గిన్నె, గ్లాసు పెట్టుకుని ఎక్కండి.